అందరికీ చోటున్న సంఘం: బిషప్ అజరయ్య గారి జీవితం

పెద్దేముల్ మండలంలోని మన తాండాలలో సంఘం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మన గిరిజన సంఘం. రెండోది ఆదివారం నాడు కొన్ని కుటుంబాలు వెళ్లే చర్చి. తెలుగు క్రైస్తవులు చర్చిని సంఘం అనే పిలుస్తారు. నాయక్, కార్బారి, పెద్దమనుషుల మధ్య పెరిగిన మనకు ఆ మాట కొత్తది కాదు. ఒకరి కష్టానికి పదిమంది నిలబడడం, ఒకరి పెళ్లికి తాండా అంతా కదలడం మనకు పుట్టుకతో వచ్చినవే.

అయినా చర్చికి పోయే ఇంటి గురించి మనలో గుసగుసలు ఉంటూనే ఉన్నాయి. వాళ్లు తీజ్‌కు వస్తారా, పంచాయితీలో కూర్చుంటారా, మనవాళ్లేనా అని అడిగేవారున్నారు. అటువైపు చర్చికి పోయే పిల్లలకు కూడా తాము ఎక్కడివారమనే సందేహం కలుగుతోంది. అందుకే ఈ స్మారక సంచికలో, సంఘంలో చేరడం అంటే ఏమిటని జీవితమంతా ఆలోచించిన ఒక పెద్దాయనను స్మరించుకుంటున్నాం. ఆయన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

అజరయ్య గారు మన ప్రాంతం వారు కాదు. మన భాష కూడా ఆయన తల్లిభాష కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ ఊరి చర్చి గురువు. పెళ్లయిన చాలా ఏళ్లకు కలిగిన కొడుకు కావడంతో, బైబిల్లోని సమూయేలు పేరును తలచి శామ్యూల్ అని పేరు పెట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుంచి వైఎంసీఏ కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లాడారు.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో, తమ మనుషులతో బయటి ప్రాంతాలలో సేవ చేయడం చూశారు. తిరునెల్వేలిలో అంతకంటే పెద్ద సంఘాలున్నా అలాంటి పని లేదని ఆయనకు బాధ కలిగింది. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. భారతీయుల డబ్బు, భారతీయుల మనుషులు, భారతీయుల నిర్వహణ అనేది దాని నియమం. 1905 డిసెంబరు 25న సేరాంపూర్‌లో మొదలైన నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో కూడా ఆయన ముందున్నారు.

తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. తాండూరులో రైలెక్కి సికింద్రాబాద్, కాజీపేట మీదుగా పోతే తగిలే జంక్షన్ అది. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. దాని చుట్టూ కూడా మన లంబాడా తాండాలే ఎక్కువ. ఇతరులను పంపి తాను ఇంట్లో ఉండడం అజరయ్య గారికి నచ్చలేదు. మంచి పేరున్న ఉద్యోగం వదిలి, 1909లో గురువుగా అభిషేకం పొంది, డోర్నకల్ వచ్చారు. మొదట గుడారంలో కాపురం పెట్టారు. తెలుగు నేర్చుకున్నారు. ఎద్దుబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగారు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన తెల్ల మిషనరీల ముందే ఒక చేదు నిజం చెప్పారు. వాళ్లు మా కోసం త్యాగాలు చేస్తున్నారు గానీ మమ్మల్ని సాటివారిగా చూసి స్నేహం చేయడం లేదన్నది ఆయన మాటల సారం. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆయన వెనక్కి తగ్గలేదు. దానం అందుకునేవాడు, దానం చేసేవాడు ఒకే పీట మీద కూర్చోనంత కాలం అది సంఘం కాదని ఆయన నమ్మకం. ఈ మాట మన తాండావాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆఫీసుల ముందు గంటల తరబడి నిలబడ్డ మనకు ఆ తేడా బాగా తెలుసు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి వయసు 38 ఏళ్లు. డోర్నకల్ అధ్యక్ష మండలం మొదట చిన్నది. తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల వరకు పెరిగింది. గోదావరి ఒడ్డున కోయ సోదరుల మధ్య పనిచేసే దుమ్ముగూడెం కూడా అందులో కలిసింది. ఆయన చివరి రోజులకు ఆ మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు.

చదువు రాని ఆ జనంతో ఆయన సంఘాన్ని ఎలా కట్టారో మనం గమనించాలి. ప్రార్థనలు, ఆజ్ఞలు నోటికి నేర్పించారు. బైబిలు కథలను పాటలుగా పాడించారు. మన ప్రాంతపు భజనలకు, కోతల పండుగలకు ఆరాధనలో చోటిచ్చారు. వంట వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి సంఘం కోసం దాచడం ఆడవాళ్లకు అలవాటు చేశారు. పిడికెడు బియ్యం విలువ చిన్నదే. కానీ అది వేసిన తల్లికి ఆ సంఘం తనదనే ధైర్యం వచ్చింది. బాప్తిస్మం పొందినవారు తమ తలపై చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పే బాధ్యత తమదేనని ఒప్పుకునేవారు. అంటే చేరిన రోజే ప్రతి ఒక్కరూ పనివారయ్యారు. అన్బు అజరయ్య గారు ఆడవాళ్ల మధ్య పని చూసుకున్నారు.

అన్నీ సాఫీగా సాగలేదు. ఒకే చర్చిలో కూర్చున్నా మాల, మాదిగ తగాదాలు పోలేదు. కులం చర్చిలోకి రాకూడదని ఆయన పట్టుబట్టారు. అందరూ ఒకే పాత్రలోంచి ప్రభు భోజనం తీసుకోవాలన్నారు. జీవితమంతా పోరాడినా ఆ జబ్బు పూర్తిగా నయం కాలేదు. మతమార్పిడి విషయంలో గాంధీజీతో ఆయనకు గట్టి భేదాభిప్రాయం ఉండేది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా ఆయనే వాదించారు. క్రైస్తవులు దేశంలో వేరు ముక్కగా బతకకూడదన్నది ఆయన ఉద్దేశం.

ఆ ఆలోచనను ఆయన రాతిలో కూడా చూపించారు. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దాని గుమ్మటాలు మసీదును గుర్తుచేస్తాయి, స్తంభాలు మన దేవాలయాలను గుర్తుచేస్తాయి. మధ్యలో సిలువ ఉంది. క్రైస్తవుడైనంత మాత్రాన పుట్టిన నేలను వదలనక్కర్లేదని ఆ కట్టడం నిలబడి చెబుతోంది.

ఆయన ఆఖరి కల చర్చిలన్నీ ఒకటి కావడం. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో ఆ ప్రయత్నం మొదలైంది. అది పూర్తికాకముందే, 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మెదక్ వైపు వెస్లియన్ సంఘాలు అందులో చేరాయి. మన వికారాబాద్, తాండూరు వైపున్న మెథడిస్టు సంఘాలు అమెరికన్ శాఖకు చెందినవి కావడంతో వేరుగానే ఉండిపోయాయి. ఆయన కల మన గడప దాకా వచ్చి ఆగింది.

ఈ జీవితం నుంచి మనం తీసుకోవలసినది ఏమిటి? మనిషి ఒంటరిగా బతకలేడు. నమ్మకమున్నవాడికి కూడా పక్కన కూర్చునే మనిషి కావాలి, చావుకు బతుక్కు వచ్చే గుంపు కావాలి. మా తాండా కుటుంబాలలో కొందరికి ఆ గుంపు చర్చిలో దొరికింది. తాగుడు మానినవారున్నారు, పిల్లలను హాస్టలుకు పంపి చదివించుకున్నవారున్నారు. అందుకు మేము సంతోషిస్తున్నాం. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. కాబట్టి చర్చికి పోయినా, సేవాలాల్ మహారాజ్ భోగ్‌కు పోయినా మన బిడ్డ మన బిడ్డే.

చర్చి పెద్దలకు మా మనవి ఒకటే. మా గోర్‌బోలి పాటను, మా ఆడబిడ్డల తీజ్ బుట్టలోని గోధుమ మొలకలను పరాయివిగా చూడకండి. తాండా పెద్దలకు కూడా అదే మనవి. ఆదివారం చర్చికి పోయే ఇంటిని సోమవారం పంచాయితీకి పిలవడం మరవకండి. పరాయి ప్రాంతం నుంచి వచ్చి, మన భాష నేర్చుకుని, మన మట్టిలోనే కలిసిన ఆ పెద్దాయనకు జోహార్లు.