చౌక సరుకుల బాట వేసి, సర్వం కోల్పోయిన వర్తకుడు

బిష్టుపూర్ (జంషెడ్‌పూర్): ఇక్కడి సూపర్‌మార్కెట్లలో బుట్ట చేతబట్టి, ధరలు పోల్చుకుంటూ చౌక సరుకులను ఎంచుకునే పద్ధతికి ఆద్యుల్లో క్లారెన్స్ సాండర్స్ ప్రముఖుడు. 1881లో అమెరికాలోని వర్జీనియాలో పేద కుటుంబాన జన్మించిన ఆయన, 1916 సెప్టెంబరులో మెంఫిస్ నగరంలో ‘పిగ్లీ విగ్లీ’ దుకాణాన్ని ప్రారంభించారు. అంతవరకు కిరాణా కొట్లలో గుమాస్తాలే సరుకులు తీసి అందించేవారు. సాండర్స్ ప్రతి వస్తువుకూ ధర సూచించి, ఎంపికను కొనుగోలుదారులకే వదిలిపెట్టారు. జీతాల ఖర్చు తగ్గడంతో ధరలూ దిగివచ్చాయి. తన సంస్థ షేర్లను పడగొట్టజూసిన వాల్‌స్ట్రీట్ వ్యాపారులతో తలపడి 1923లో సంస్థను, ఆస్తిని కోల్పోయారు. అయినా మళ్లీ దుకాణాలు తెరిచారు. 1953 అక్టోబరులో మరణించేనాటికి మరో కొత్త తరహా దుకాణం రూపకల్పనలో ఉన్నారు.