అడవిమాటలకు దుబాసి: విలియం ష్లిక్

జర్మనీదేశమున హెస్సె సీమయందలి ఫ్లోన్‌హైమ్ గ్రామమున 1840 ఫిబ్రవరి 28వ తేదీన జన్మించిన ష్లిక్, గీసెన్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము నభ్యసించి, 1866లో భారత అటవీశాఖయందు ఉద్యోగమునకు కుదిరెను. బర్మాలోను వంగదేశములోను పనిచేసి, 1875లో ‘ఇండియన్ ఫారెస్టర్’ పత్రికను స్థాపించి, 1883లో బ్రాండిస్ అనంతరము ఆ శాఖకు ఇన్‌స్పెక్టరు జనరల్ అయ్యెను. ఇవన్నియు గొప్ప పనులే. కాని అతనిని తలచుకొనుటకు నాకు వేరొక కారణము గలదు.

1885లో ఇంగ్లండునందలి కూపర్స్ హిల్ కళాశాలలో అటవీవిద్య బోధించుటకు అతడు పిలువబడెను. అంతకుముందు భారతదేశమునకు రాదలచిన ఆంగ్లయువకులు ఫ్రాన్సుకో జర్మనీకో పోయి చదువవలసివచ్చెడిది. శాస్త్రములో ముఖ్యభాగము జర్మనుభాషలో నున్నది. శిష్యులకు ఆంగ్లము కావలెను. అందుకై పుట్టినదే, 1889 మొదలు 1896 వరకు ఐదు సంపుటములుగ వెలువడిన ‘మాన్యువల్ ఆఫ్ ఫారెస్ట్రీ’. చివరి రెండు సంపుటములను హెస్, గాయర్ అను జర్మను పండితుల గ్రంథముల ననుసరించి ఫిషర్ ఆంగ్లీకరించెను.

విత్తనమునుండి పెరిగి నిలువెత్తు సాగిన అడవిని జర్మనులు హోఖ్‌వాల్డ్ అందురు. ఎత్తైన అడవి యని అర్థము. ష్లిక్ గ్రంథమున అది మాటకు మాటగ హై ఫారెస్ట్. నరికిన మోడులనుండి పిలకలు వేయు అడవి నీడర్‌వాల్డ్, అనగా పొట్టి అడవి. దీనిని అట్లే మార్చినచో ఆంగ్లరైతు నవ్వియుండును. తరతరములుగ మోడుల నరకుచు వచ్చిన ఆ రైతునోట కాపిస్ అను మాట ముందే యున్నది. ష్లిక్ దానినే గ్రహించెను. పరభాష నేర్చి వ్రాయువారిలో ఈ వివేకము అరుదు.

నార్మల్‌వాల్డ్ మాత్రము చిక్కు తెచ్చినది. అన్ని వయస్సుల చెట్లును సరిపాళ్ళలో నుండి, ఏటేట పెరిగినంతయే నరకదగిన ఆదర్శారణ్యమని దాని భావము. ఆంగ్లమున నార్మల్ అన్నచో సామాన్యమని తోచును. భూమిమీద ఎక్కడను కానరాని అడవికి సామాన్యమను పేరా! ష్లిక్ ఆ మాటనే యుంచి నిర్వచనముతో కట్టివైచెను. మరియొక మాట వెదకియుండవలసినదని నా అభిప్రాయము.

కట్టెల నరకుడు ఐదవ సంపుటపు విషయము. అక్కడి చిక్కు మరింత ప్రమాదకరము. పేర్చిన కట్టెల ఘనమీటరు రౌమ్‌మీటర్. సందులేని గట్టికొయ్య ఘనమీటరు ఫెస్ట్‌మీటర్. చీల్చిన కట్టెల రాశిలో కొయ్య సుమారు పదింట ఏడుపాళ్ళు, మిగిలినది గాలి. (కట్టెల అడితిలో బేరమాడిన గృహిణికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.) ఏటికి 100 రౌమ్‌మీటర్లు నరకవచ్చునన్న ఉత్తరువును అనువాదకుడు వట్టి ఘనమీటర్లని వ్రాసెనా, అడవి సుమారు 30 ఘనమీటర్ల కొయ్యను అదనముగ కోల్పోవును. పేర్చినది, గట్టిది అను విశేషణము ఆంగ్లమున విడువరానిది.

1905లో ఆ విద్యాలయము ఆక్స్‌ఫర్డునకు తరలగా ష్లిక్కును అక్కడికే పోయెను. 1909లో సర్ బిరుదము నందెను. 1925 సెప్టెంబరు 28వ తేదీన, తన 85వ యేట, ఆ నగరముననే కన్నుమూసెను.