డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితము

దేవుడు కలడా, కలడేని ఆ సంగతి యుక్తిచే మన బుద్ధికి తెలియునా యను ప్రశ్న క్రైస్తవ కళాశాలలలో బహుకాలముగా చర్చింపబడుచు వచ్చినది. ఆ చర్చలో విద్యార్థిగా ప్రవేశించి, గురువుల వాదమునకు లోబడక, వారిని ద్వేషింపక, జీవితమంతయు దానికి సమాధానము వెదకిన తెలుగువారొకరు కలరు. వారే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. వారు 1962 మొదలు 1967 వరకు రాష్ట్రపతిగా నుండిరని మన విద్యార్థు లందరు నెరుగుదురు. వారు మిషను పాఠశాలలో చదివినవారనియు, మన అనంతపురములో పాఠములు చెప్పినవారనియు నెరిగినవారు తక్కువ.

వారు 1888 సం. సెప్టెంబరు 5 వ తేదిని తిరుత్తణిలో జన్మించిరి. పూర్వులది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామము. తండ్రి వీరాస్వామి గారు జమీందారీలో రెవిన్యూ శాఖ చిరుద్యోగి, సంపాదన స్వల్పము. బాలుడు 1896 లో తిరుపతిలోని హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషను పాఠశాలలో చేరెను. పిమ్మట రాయవేలూరి వూర్హీసు కళాశాలయందును, 1904 మొదలు చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలయందును చదివెను. తత్త్వశాస్త్రము నెన్నుకొనుటకు గొప్ప కారణ మేమియు లేదు. బంధువొకడు తాను చదివి ముగించిన పుస్తకములను దయతో నిచ్చెను. క్రొత్తవి కొనుటకు డబ్బు లేదు గనుక ఆ పుస్తకముల శాస్త్రమే యితని శాస్త్ర మయ్యెను!

ఆ కళాశాలలో తత్త్వశాస్త్రాచార్యులు స్కాట్లండు దేశీయులగు ఏ. జి. హాగ్ దొరగారు. ఆ కాలపు మిషనరీ విద్వాంసులు వేదాంతముపై చేసిన ఆక్షేపణలలో ముఖ్యమైనది యిది. జగత్తు మాయయే యైనచో పుణ్యపాపములకు విలువ యెక్కడిది? జీవుడే బ్రహ్మమైనచో పొరుగువానికి మేలు చేయవలెనను విధి యెందుండి పుట్టును? కావున నీతి నిజమైనచో, ఆ నీతికి ఆధారముగా జీవునికంటె వేరైన దేవు డొకడు ఉండి తీరవలెనని వారి వాదము. హాగ్ గారు స్వయముగా కర్మమును గూర్చియు విమోచనమును గూర్చియు నొక గ్రంథము రచించిరి. కర్మసిద్ధాంతము లోకమును న్యాయస్థానముగా జూపుచున్నదనియు, ఒకని కొరకు వేరొకడు బాధపడు ప్రేమకు అందు చోటు చాలదనియు వారి యభిప్రాయము.

ఇంటిలో విన్న ధర్మమునకు బడిలో వచ్చిన యీ యాక్షేపణ బాలుని మనస్సును నొప్పించెను. ఆ నొప్పియే వారిని గ్రంథకర్తను చేసినది. యం. ఏ. పరీక్షకు వారు వేదాంతమందలి నీతిని గూర్చియే వ్యాసము వ్రాసి, వేదాంతమున నీతికి తావులేదను వాదమును ఖండించిరి. అప్పటికి వారికి ఇరువదియేండ్లు మాత్రమే. ఆ వ్యాసము 1908 లో అచ్చయినది. తన విశ్వాసమునకు ఎదురుగా వ్రాయబడిన ఆ వ్యాసమును జూచి గురువు కోపింపలేదు. మెచ్చుకొని యోగ్యతాపత్రమును వ్రాసియిచ్చిరి. శిష్యుని ధైర్యముకంటె గురువుగారి న్యాయబుద్ధియే యిచ్చట గొప్పదని నాకు తోచుచున్నది.

1909 లో చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయులైరి. 1916 లో కొలదికాలము అనంతపురమునకు మార్చబడిరి. దత్తమండల కళాశాల స్థాపింపబడిన సంవత్సరము అదియే. అంతకుముందు పుట్టపర్తి, బుక్కపట్టణము, ధర్మవరము పిల్లలు ఉన్నత విద్యకై దూరపట్టణములకు పోవలసియుండెను. వానలు తప్పిన యేడు చిత్రావతిలో ఇసుకయే మిగులు నీ సీమలో ఆ వ్యయము భరింపగలవా రెందరు? అట్టిచోట ఆయన తత్త్వశాస్త్రము బోధించి, 1917 లో రాజమహేంద్రవరమునకును, 1918 లో మైసూరునకును, 1921 లో కలకత్తాకును తరలిరి.

1920 లో ప్రకటించిన గ్రంథమున వారు ఐరోపా తత్త్వవేత్తలనే విమర్శించిరి. మతవిశ్వాసము ముందుగా నిర్ణయించిన తీర్పునకు తర్కము సాక్షిగా రాకూడదనియు, యుక్తి తన త్రోవను తాను నడువవలెననియు వారి మతము. ఇది మిషనరీలకే కాదు, మనవారికిని తగిలెడి మాట. 1926 లో ఆక్సుఫర్డు మాంచెస్టరు కళాశాలలో హిందూ జీవనదృష్టిని గూర్చి యుపన్యసించిరి. 1929 నాటి హిబ్బర్టు ఉపన్యాసములలో దైవాస్తిత్వ ప్రశ్నను నేరుగా నెత్తుకొనిరి. జడమునుండి ప్రాణము, ప్రాణమునుండి మనస్సు, మనస్సునుండి ఆత్మజ్ఞానము వికసించిన యీ క్రమము యాదృచ్ఛికమని చెప్పిన చాలదని వారి వాదము. అయినను యుక్తిమాత్రముచే దేవుడు నిరూపింపబడునని వారు చెప్పలేదు. తుదిప్రమాణము భక్తుల అనుభవము. ఆ యనుభవమును బుద్ధితో పరీక్షింపవలెను. అనుభవములు పరస్పరము భిన్నించునప్పుడు ఏది ప్రమాణమని క్రైస్తవ పండితులు అడిగిరి. అన్ని మతముల భక్తులను అద్వైతపు గజముతో కొలుచుచున్నారనియు ఆక్షేపించిరి. ఈ యాక్షేపణ తేలికైనది కాదు.

హాగ్ గారి తలంపులును సాగుచునే యుండెను. 1938 లో తాంబరమున జరిగిన మిషనరీ మహాసభలో, క్రైస్తవేతర మతములయందును దేవునితో నిజమైన సంబంధము కలదని వారు క్రేమరు పండితునికి ఎదురుగా వాదించిరి. శిష్యులు అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి (1931-36) ముగించి, ఆక్సుఫర్డులో స్పాల్డింగు ఆచార్యులైయుండిరి. మరుసటి యేడు వెలువడిన గ్రంథములో, హిందూమతము లోకమును నిరాకరించునని వ్రాసిన ష్వైట్జరు పండితునికి బదులు చెప్పిరి. చెన్నపట్టణపు తరగతిగదిలో మొదలైన వాదమే యది.

మతవిషయక కృషికై యిచ్చు టెంపుల్టను బహుమానము 1975 లో వారికి లభించినది. క్రైస్తవులు కానివారిలో దానిని మొట్టమొదట పొందినది వారే. ఆ సంవత్సరమే ఏప్రిలు 17 వ తేదిని చెన్నపట్టణమున కాలధర్మము నొందిరి.