శత్రువుల మెప్పు పొందిన సిపాయి – ఆబ్రే హెర్బర్ట్ జీవితం

ప్రభువుల ఇంట పుట్టినవాడు సిపాయి కావడం, సిపాయిగా పనిచేసినవాడు రాయబారి కావడం ఇంగ్లీషువాళ్ళ చరిత్రలో కొత్తేమీ కాదు. కాని యుద్ధభూమిలో ఎదుటి సైన్యం చేత కూడా మంచివాడనిపించుకున్నవాళ్ళు ఏ దేశంలోనైనా వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మందే ఉంటారు. అటువంటివారిలో ఆబ్రే హెర్బర్ట్ ఒకడు. ఆయన కళ్ళకు చూపు సరిగా ఆనేది కాదు. బతికింది కూడా 43 ఏళ్ళే. ఆ కొద్ది కాలంలోనే ఆయన మూడు యుద్ధరంగాలు చూశాడు, పార్లమెంటులో కూర్చున్నాడు. తన పుట్టుకతో ఏ సంబంధమూ లేని ఒక చిన్న దేశం ఆయనను రెండుసార్లు రాజుగా రమ్మని అడిగింది. ఇదంతా ఎట్లా జరిగిందో తెలియాలంటే మొదట ఆయన ఇంటి సంగతి కొంత చెప్పుకోవాలి.

ఇంగ్లాండులో హాంప్‌షైర్ జిల్లాలో హైక్లేర్ అనే పెద్ద కోట ఉంది. అది కార్నార్వాన్ ప్రభువులది. నాలుగో కార్నార్వాన్ ప్రభువు బ్రిటిష్ మంత్రివర్గంలో వలస రాజ్యాల మంత్రిగా పనిచేశాడు. 1867లో కెనడా రాష్ట్రాలను ఒక్కటి చేసిన చట్టాన్ని పార్లమెంటులో ప్రవేశపెట్టినవాడు ఆయనే. మొదటి భార్య చనిపోయాక ఎలిజబెత్ హోవర్డ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఈమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఆబ్రే, 1880 ఏప్రిల్ 3న పుట్టాడు. చిన్నవాడు మెర్విన్, ఇతను కూడా తర్వాత రాయబార శాఖలోనే పనిచేశాడు. ఆబ్రేకు పదేళ్ళ వయసులో, 1890లో, తండ్రి పోయాడు. బిరుదూ కోటా మొదటి భార్య కొడుకైన జార్జికి దక్కాయి. ఈజిప్టులో టూటంఖామున్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టిన కార్నార్వాన్ ప్రభువు ఈ జార్జే. ఆబ్రేకు బిరుదు రాకపోయినా అన్నదమ్ముల మధ్య ఆప్యాయతకు లోటు లేదు. తల్లి చాలా తెలివైనది, ధైర్యం గలది. కొడుకు చేసిన ప్రతి పనికీ చివరిదాకా అండగా నిలిచింది.

కలిగిన ఇల్లే, కాని ఆ పిల్లవాడికి చిన్నప్పటినుంచీ చూపు బాగా తక్కువ. ఏటన్ స్కూల్లో చదివాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీలో చేరి చరిత్రలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నాడు. నేలమీద నడిచేటప్పుడే ఎదురుగా వచ్చేదెవరో పోల్చుకోలేని మనిషి, రాత్రిపూట కాలేజీ మేడల పైకప్పులు ఎక్కి తిరిగేవాడు. చూస్తున్నవాళ్ళకు గుండెలు జారిపోయేవి. బట్టలమీద శ్రద్ధ లేదు, తల దువ్వుకునే అలవాటు అంతకన్నా లేదు. ఎంత పెద్దవాళ్ళ ఇంటికైనా అట్లాగే పోయేవాడు.

చదువు ముగిశాక రాయబార కార్యాలయాల్లో జీతం లేని కొలువులో చేరాడు. మొదట జపానులో టోక్యో, తర్వాత టర్కీ సుల్తాను రాజధాని కాన్‌స్టాంటినోపుల్. ఈ రెండో ఊరు ఆయన జీవితాన్ని మార్చేసింది. అప్పటి దొరలు చాలామంది దుబాసీని పక్కన పెట్టుకుని పని జరుపుకునేవాళ్ళు. హెర్బర్ట్ అట్లా కాదు. టర్కీ భాష తానే నేర్చుకున్నాడు. అరబ్బీ, గ్రీకు, అల్బేనియన్ భాషలు పట్టాడు. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ ముందే వచ్చు. గుర్రాలమీద, ఒంటెలమీద యెమెన్ దాకా పోయాడు, బాల్కన్ కొండల్లో తిరిగాడు. సత్రాల్లో పడుకున్నాడు, పల్లెటూరివాళ్ళతో కలిసి తిన్నాడు. కళ్ళు చూపించలేని లోకాన్ని చెవులతో, నాలుకతో తెలుసుకున్నాడని చెప్పాలి. మనిషి భాష మనకు వస్తే ఆ మనిషిమీద భయం సగం పోతుంది. ఆయన తర్వాతి జీవితమంతా దీనికి ఉదాహరణే.

1910లో మేరీ వేసీ అనే ప్రభువుల బిడ్డతో పెళ్ళయింది. ఆమె డి వేసీ ప్రభువుకు ఒక్కతే సంతానం. సోమర్సెట్ జిల్లాలో పిక్స్‌టన్ అనే ఎస్టేటులో కాపురం పెట్టారు. మరుసటి సంవత్సరమే, 1911లో, ఆ జిల్లానుంచే కన్సర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

అప్పుడే అల్బేనియా సంగతి ముందుకు వచ్చింది. ఆ దేశంలో ఎక్కువమంది ముస్లింలు, క్రైస్తవులూ ఉన్నారు. అందరిదీ ఒకటే భాష. సుమారు 400 ఏళ్ళకు పైగా టర్కీ ఏలుబడిలో ఉండి, 1912 నవంబరు 28న స్వతంత్రం ప్రకటించుకున్నారు. అప్పటికే బాల్కన్ యుద్ధం నడుస్తున్నది. చుట్టుపక్కల రాజ్యాలు ఆ నేలను తలా ఒక ముక్క పంచుకోవాలని చూస్తున్నాయి. లండనులో పెద్ద రాజ్యాల రాయబారులు సభ చేసి సరిహద్దులు గీస్తుంటే, ఆ పేద జనం తరఫున మాట్లాడే దిక్కు లేదు. హెర్బర్ట్ ఆ పని నెత్తికెత్తుకున్నాడు. కొండ జనంలో ఏళ్ళ తరబడి తిరిగిన ఈడిత్ డర్హామ్ అనే ఆమెతో, మరికొందరితో కలిసి లండనులో అల్బేనియా కమిటీ నడిపాడు. మంత్రుల ఇళ్ళ చుట్టూ తిరిగాడు, పత్రికలకు రాశాడు, అల్బేనియన్ ప్రతినిధులకు తన ఇంట్లోనే చోటిచ్చాడు. అడిగినంతా దొరకలేదు. అల్బేనియన్లలో చాలామంది కొత్త సరిహద్దుకు అవతలే ఉండిపోయారు. కాని దేశం మాత్రం నిలిచింది.

1913లో అల్బేనియన్లు కొందరు వచ్చి మీరే మాకు రాజుగా రండి అన్నారు. హెర్బర్ట్‌కు మనసు లేకపోలేదు. అయితే ప్రధానమంత్రి ఆస్క్విత్ ప్రోత్సహించలేదు. రాజ్యం నడపడానికి కావలసిన డబ్బూ ఆయన దగ్గర లేదు. చివరికి ఒక జర్మన్ యువరాజు 1914లో ఆ గద్దె ఎక్కి ఆరు నెలలకే దేశం విడిచిపోయాడు. 1920లో రెండోసారి కబురు వచ్చింది. అదీ జరగలేదు. అదే ఏడాది డిసెంబరులో అల్బేనియా నానాజాతి సమితిలో సభ్యదేశమైంది. దానికోసం పాటుపడినవాళ్ళలో హెర్బర్ట్ కూడా ఉన్నాడు. కిరీటం రాలేదని చేస్తున్న పని మానుకోలేదు.

ఇక యుద్ధం సంగతి. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ కళ్ళతో ఏ డాక్టరూ ఆయనను ఫౌజులో చేర్చుకోడు. అందుకని ఐరిష్ గార్డ్స్ పటాలం యూనిఫారం సొంతంగా కుట్టించుకుని, పటాలం ఓడ ఎక్కేరోజు సందులో దూరి వాళ్ళతోపాటు ఫ్రాన్సుకు చేరాడు. మాన్స్ నుంచి సైన్యం వెనక్కి తగ్గేటప్పుడు గాయపడి జర్మన్లకు చిక్కాడు. కొన్ని రోజులకు జర్మన్లు వెనక్కిపోవడంతో దవాఖానాలో ఉన్న ఆయన విడుదలయ్యాడు. ఆ తర్వాత భాషలు వచ్చినవాడు కదా అని కైరోలో వేగుల శాఖకు పంపారు. తర్వాత పేరుకెక్కిన టి. ఇ. లారెన్స్ కూడా అప్పుడక్కడే పనిచేస్తున్నాడు.

అక్కడినుంచి గలిపోలీ. 1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా, న్యూజిలాండు సేనలు టర్కీ తీరంమీద దిగాయి. హెర్బర్ట్ వాళ్ళకు దుబాసీగా, వేగుల అధికారిగా ఉన్నాడు. తాను ప్రేమించిన జనంమీదికే యుద్ధానికి పోవలసి వచ్చింది. దేశం పిలిచింది, పోయాడు. కాని మనసులో ద్వేషం పెట్టుకోలేదు. మే 19న టర్కీ సైన్యం సుమారు 40 వేలమందితో దాడి చేసింది. ఆ ఒక్కరోజే దాదాపు 10 వేలమంది టర్కులు గాయపడ్డారు, చనిపోయారు. చనిపోయినవాళ్ళే 3 వేలమంది. రెండు కందకాల మధ్య ఎండలో శవాలు పడి ఉన్నాయి. గాయపడ్డవాళ్ళ మూలుగులు వినపడుతున్నాయి. ఇరుపక్షాలలో ఎవరూ తల ఎత్తలేరు.

చనిపోయినవాళ్ళను పూడ్చుకోవడానికి కొన్ని గంటలైనా యుద్ధం ఆపాలని హెర్బర్ట్ పట్టుబట్టాడు. పై సేనాపతి దగ్గరకు పోయి ఒప్పించాడు. మాటలు కుదుర్చుకోవడానికి ఒక టర్కీ అధికారి కళ్ళకు గంతలు కట్టుకుని ఇటు వచ్చాడు. అతనికి జామీనుగా హెర్బర్ట్ కళ్ళకు గంతలు కట్టించుకుని టర్కీ శిబిరానికి పోయాడు. అసలే చూపు లేనివాడు, పైన గంతలు. అయినా ఆ శిబిరంలో ఆయనకు వాళ్ళ మాటే తోడు.

1915 మే 24 ఉదయం ఏడున్నరనుంచి సాయంత్రం నాలుగున్నర దాకా తుపాకులు మోగలేదు. తొమ్మిది గంటలపాటు టర్కులూ ఆస్ట్రేలియావాళ్ళూ పక్కపక్కనే గోతులు తవ్వారు. వాసన భరించలేకుండా ఉంటే టర్కీ నెలవంక దళం మనిషి ఒకడు హెర్బర్ట్‌కు మందు వేసిన దూది ఇచ్చాడు. ఏ చిన్న తగాదా వచ్చినా మళ్ళీ కాల్పులు మొదలయ్యేవే. ఆ రోజంతా హెర్బర్ట్ ఇటూ అటూ తిరుగుతూ, ఆ భాషలో వీళ్ళకూ ఈ భాషలో వాళ్ళకూ నచ్చజెప్పుతూ గడిపాడు. సాయంత్రమయ్యేసరికి టర్కీ సిపాయిలు కొందరు తమ అధికారులు దగ్గర లేకపోతే, ఇప్పుడేం చేయమంటారని ఈయననే హుకుం అడిగారు. శత్రుసైన్యంలోని అధికారిని! ఆయన రెండువైపులవాళ్ళనూ వెనక్కి పంపాడు. రేపు మీరు నన్ను కాలుస్తారు అని నవ్వుతూ అంటే, దేవుడు అట్లా చేయకుండుగాక అని వాళ్ళు నొచ్చుకున్నారు. గుంపులో అల్బేనియన్ సిపాయిలు కూడా ఉన్నారు. తమ భాషలో మాట్లాడే ఈ దొరకు సంతోషంగా సెలవు చెప్పి పంపారు. కొద్దిసేపటికి తుపాకులు మళ్ళీ మోగాయి.

1916లో మెసపొటేమియాకు పోయాడు. ఈ ఘట్టంలో మనదేశం సిపాయిలున్నారు. టైగ్రిస్ ఒడ్డున కూట్ అనే ఊళ్ళో జనరల్ టౌన్‌షెండ్ కింద పూనా డివిజన్ 147 రోజులు ముట్టడిలో చిక్కుకుంది. తిండి అయిపోయింది, రోగాలు వచ్చాయి. గుర్రాలను కోసి తిన్నారు. మాంసం ముట్టనివాళ్ళు, గుర్రం మాంసం తినని ఆచారంవాళ్ళు మరీ చిక్కిపోయారు. విడిపించబోయిన సైన్యాలు ఓడిపోయాయి. చివరికి డబ్బిచ్చి సైన్యాన్ని విడిపించుకుందామని ప్రభుత్వం ఆలోచించింది. ఇరవై లక్షల పౌన్లదాకా ఇవ్వజూపింది. టర్కులు ఒప్పుకోలేదు. 1916 ఏప్రిల్ 29న సుమారు 13 వేలమంది లొంగిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది భారతీయులే. ఆ రోజు హెర్బర్ట్, లారెన్స్, కర్నల్ బీచ్ కళ్ళకు గంతలతో టర్కీ సేనాపతి ఖలీల్ పాషా దగ్గరకు పోయారు. గాయపడ్డవాళ్ళనూ జబ్బుపడ్డవాళ్ళనూ ఖైదీల మార్పిడి కింద వదలమని, కూట్‌లోని అరబ్బు జనాన్ని చంపవద్దని అడిగారు. రోగుల విషయంలో కొంత పని జరిగింది. అరబ్బుల విషయంలో మాట దక్కలేదు. మిగిలిన ఖైదీలను ఎడారి దారిన నడిపించారు. వేలమంది తిరిగి రాలేదు. లండను పోయాక హెర్బర్ట్ ఈ దండయాత్ర నిర్వాకాన్ని పార్లమెంటులో నిలదీశాడు. తానూ ఆ ఫౌజు మనిషే కదా, నోరు మూసుకుంటే మేలని అనుకోలేదు.

ఆయనకు పొరపాట్లే లేవని చెప్పడం లేదు. టర్కులమీద అభిమానంతో కొన్నిసార్లు వాళ్ళ పాలకులను మెత్తగా చూశాడని అప్పుడే కొందరు తప్పుపట్టారు. 1921 ఫిబ్రవరిలో జర్మనీలో తలాత్ పాషాను కలిసి మాట్లాడాడు. లక్షలమంది ఆర్మీనియన్ల చావుకు కారకుడైన మంత్రి ఆ తలాతే. మరుసటి నెలలోనే బెర్లినులో ఒక ఆర్మీనియన్ యువకుని చేతిలో హతమయ్యాడు. ఎదుటివాడి మాట వినాలనే గుణం మంచిదే, కాని అది ఎంతదాకా అనే ప్రశ్న ఆయన జీవితంలోనూ ఉంది.

1923 ఆ ఇంటికి అచ్చిరాలేదు. ఏప్రిల్‌లో అన్న కార్నార్వాన్ ప్రభువు కైరోలో చనిపోయాడు. అప్పటికి హెర్బర్ట్‌కు ఉన్న కాస్త చూపూ పోతున్నది. పళ్ళు పీకించుకుంటే చూపు వస్తుందని ఆక్స్‌ఫర్డ్‌లో చదువు చెప్పిన పాత గురువు సలహా ఇచ్చాడు. గురువు మాట నమ్మి పళ్ళు తీయించుకున్నాడు. రక్తం విషమై సెప్టెంబరులో కన్నుమూశాడు. ఫరో శాపం ఇద్దరన్నదమ్ములనూ మింగిందని జనం కథలు అల్లారు. శాపం కాదు, తప్పుడు వైద్యం చంపింది.

ఆయన యుద్ధపు డైరీ 1919లో, ప్రయాణాల పుస్తకం పోయిన తర్వాత 1924లో అచ్చయ్యాయి. ఈ రెండోదానికి టర్కీ పేరే పెట్టారు. బెన్ కెందిమ్, అంటే నేనే స్వయంగా అని అర్థం. జాన్ బకన్ రాసిన గ్రీన్‌మాంటిల్ నవలలో తూర్పుదేశాల వేషాలు వేసే వీరుడికి ఈయనే మూలమంటారు. తల్లి ఎలిజబెత్ 1929లో పోయేదాకా అల్బేనియా జనానికి సాయం చేస్తూనే ఉంది. భార్య మేరీ ముగ్గురు ఆడపిల్లలనూ ఒక కొడుకునూ పెంచింది. కూతురు లారా 1937లో నవలా రచయిత ఈవ్‌లిన్ వాను పెళ్ళాడింది. వాళ్ళ కూతురు మార్గరెట్ 1983లో తాత జీవితచరిత్ర రాసింది. తండ్రి పోయేనాటికి ఏడాది పసివాడైన కొడుకు ఆబరన్‌ను రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆరోగ్యం చాలదని వద్దంది. అతను పోయి పోలండువాళ్ళ సైన్యంలో మామూలు సిపాయిగా చేరాడు. తండ్రి ముఖం కూడా గుర్తులేని పిల్లవాడు తండ్రి చేసిన పనే చేశాడు.

రెండుసార్లు దగ్గరకు వచ్చిన కిరీటం ఆయన తలకెక్కలేదు. గలిపోలీలో యుద్ధం ఆగిందీ తొమ్మిది గంటలే, తర్వాత అది ఇంకా ఏడు నెలలకు పైగా సాగింది. అయినా ఆ రోజు మట్టి దక్కిన ఆ వేలమంది తల్లులకు ఆ తొమ్మిది గంటలు తక్కువవి కావు.