మంద్రతంత్రి: జేమ్స్ జేమర్సన్

పాట వినునప్పుడు మన చెవి మొదట గాయకుని గొంతును పట్టుకొనును. పిదప వయొలినో వేణువో వినబడును. అన్నిటికంటె అడుగున మ్రోగు మంద్రస్వరమును ప్రత్యేకముగా విన్నవారు నూటికి ఒకరుందురేమో! అయినను అది యొక్కసారి ఆగినచో పాట నడక కుంటుపడును. పాశ్చాత్య వాద్యబృందములలో ఈ అడుగుస్వరమును మోయు బాధ్యత బాస్ వాద్యకారునిది. 1960 నుండి పుష్కరకాలము అమెరికాలో ఈ పని చేసిన జేమ్స్ జేమర్సన్ వాద్యమును కోట్లకొలది జనులు విన్నారు. ఆతడు జీవించియుండగా ఆతని పేరు ఎరిగినవారు మాత్రము బహుస్వల్పము.

ఏ వాద్యము కొనవలెను, ఏ తీగలు బిగింపవలెను, సభలో దేనితో వినిపింపవలెను, రికార్డులో దేనితో పట్టవలెను అని సంగీతము నేర్చు యువకులు అంగడిలో నిలిచి తర్జనభర్జన పడుచుందురు. జేమర్సన్ ఈ ప్రశ్నలకు తన యౌవనమున ఒకమారు సమాధానము చెప్పుకొనెను. ఆ సమాధానమును ఆతడు మరల మార్చుకొనలేదు. ఆతని కీర్తికి అదియొక కారణము. తరువాతి కష్టములలోను దానికి కొంత పాలున్నదని నాకు తోచును.

జేమర్సన్ 1936 జనవరి 29వ తేదీన దక్షిణ కరొలైనా రాష్ట్రమున, సముద్రతీరమందలి ఎడిస్టో దీవిలో జన్మించెను. అవ్వ పియానో వాయించెడిది. పినతల్లి వరుసయైన స్త్రీ ఒకతె చర్చి గాయకబృందమున పాడెడిది. ఆ యింటి గాలిలోనే సంగీత ముండెనన్నమాట. బాల్యమున ఆతడు ఒక కర్రను చీమలపుట్ట కడ నేలలో గ్రుచ్చి, దానికి రబ్బరు పట్టీ బిగించి మీటుచు, ఆ అదురునకు చీమలు బయటికివచ్చి నాట్యమాడుచున్నవని మురిసిపోయెడివాడట. తీగను మీటినచో నేల కదలునని ఆతనికి తెలిసినది అప్పుడే కాబోలును!

తల్లి బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఉత్తరమునకు, డెట్రాయిట్ నగరమునకు పోయెను. దక్షిణ రాష్ట్రముల నుండి నల్లజాతివారు లక్షలకొలది అట్లు పారిశ్రామిక నగరములకు తరలిన కాలమది. 1954లో జేమర్సన్ తల్లిని చేరుకొనెను. అచ్చటి నార్త్‌వెస్టర్న్ ఉన్నత పాఠశాలలో ఆతని చేతికి మొట్టమొదట బాస్ వచ్చినది. ఆ బాస్ నేటి గిటారు వంటిది కాదు. మనిషి ఎత్తును మించి, నిలువున నిలుపుకొని వాయింపవలసిన పెద్ద కొయ్యవాద్యము. బడి విడిచిన సాయంకాలములందు జాజ్ క్లబ్బులలో వాయించుచు ఆతడు చేయి తిప్పుకొనెను. పాఠశాల సంగీతశాలలోని ఒక వాద్యము ఒక బాలుని ఎంతదూరము తీసికొనిపోగలదో ఉపాధ్యాయులు గమనింపదగిన విషయము.

1959లో బెర్రీ గోర్డీ యను యువకుడు డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డుల సంస్థకు పునాది వేసెను. ఆతడు అంతకుముందు మోటారుకార్ల కర్మాగారమున కూలిచేసినవాడు. కార్ల వలెనే పాటలనుకూడ ఒక వరుసలో, ఒక్కొక్కరు ఒక్కొక్క పని చేయగా తయారు చేయవచ్చునని ఆతని ఊహ. వెస్ట్ గ్రాండ్ బులవార్డులోని సామాన్యమైన ఇల్లే ఆ కర్మాగారము. అందలి ఇరుకైన రికార్డింగు గదికి వాద్యకారులు పాములపుట్ట యని ముద్దుపేరు పెట్టుకొనిరి. జేమర్సన్ ఆ గదిలో అడుగుపెట్టినది ఆ తొలిదినములలోనే. ఆ బృందమునకు పిమ్మట ఫంక్ బ్రదర్స్ అను పేరు నిలిచినది.

మొదట ఆతడు వాయించినది నిలువు బాసే. కాని దానితో రెండు చిక్కులుండెను. ఊరూర కచేరీలకు మోసికొనిపోవుట మొదటి చిక్కు. డోళ్లు, కొమ్ములు, విద్యుత్ గిటార్లు చెలరేగి మ్రోగుచుండగా దాని నాదము మునిగిపోవుట రెండవది. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయుచు బ్రతికిన లియో ఫెండర్ ఈ చిక్కులను గమనించి, 1951లో ప్రెసిషన్ బాస్ అను విద్యుత్ వాద్యమును అంగడికి తెచ్చెను. డొల్లలేని గట్టి చెక్క ఒడలు, నాలుగు తీగలు, తీగల క్రింద అయస్కాంతమున్న పికప్. వీణకు వలె దీని దండిపై మెట్లుండుటచేత స్వరము గురితప్పదు. ప్రెసిషన్ అను పేరు అందుకే పెట్టబడినది. అన్నిటికంటె లావైన తీగను మీటినచో సెకనుకు సుమారు 41 కంపనములు పుట్టును. మానవుని చెవికి వినబడు నాదములలో అట్టడుగుకు ఇది దగ్గర.

జాజ్ విద్వాంసులకు ఈ క్రొత్త పరికరము మీద తొలుత చిన్నచూపుండెను. జేమర్సన్ మాత్రము 1960 ప్రాంతమున దీనిని చేపట్టి, తన నిలువు బాస్ విద్యను యథాతథముగా దీనిలోనికి దించెను. రెండు మూడు వ్రేళ్లతో మీటు వాద్యకారులుండగా ఈతడు కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటెడివాడు. తోటివారు ఆ వ్రేలిని కొక్కెమని పిలిచిరి.

మొదట వాడిన బాస్ దొంగలపాలయిన పిమ్మట 1962 నాటి ప్రెసిషన్ బాస్ ఒకటి ఆతని చేతికి వచ్చినది. దండి ఒడలితో కలియు చోట ఫంక్ అను మాటను ఆతడు స్వయముగా చెక్కి సిరా పట్టించుకొనెను. ఈ వాద్యమును నేటి అంగడివాడెవడైన చూచినచో వెంటనే బాగుచేయింపవలెనని చెప్పియుండును. తీగలు మెట్లకు చాల ఎత్తున నుండెడివి. దండి కొంత వంగియుండెను. ఇతరులు చేతబట్టి నొక్కబోయినచో వ్రేళ్లకు శక్తి చాలెడిది కాదట! నిలువు బాస్ పై కాయలుకాచిన ఆతని వ్రేళ్లకు ఆ ఎత్తే హాయిగా నుండెను. తీగ గట్టిగా కదలుటకు చోటు చిక్కినది, నాదము బలిసినది.

తీగల సంగతి ఇంకను విచిత్రము. ఆతడు వాడినవి లా బెల్లా వారి లావుపాటి తీగలు. వీనికి పైన గుండ్రని తీగకు మారుగా చదునైన రేకు చుట్టబడియుండును. తడిమిన నున్నగా నుండును. వ్రేలు జరుపునప్పుడు కీచుమనదు. క్రొత్త తీగకు స్వాభావికమైన తళతళలాడు పైస్వరములు వీనిలో తక్కువ. వాడినకొలది అవియు అణగిపోయి గుండ్రని మంద్రనాదము మాత్రమే మిగులును. జేమర్సన్ తీగ తెగిననే తప్ప మార్చెడివాడు కాడు. చేతి చెమట, మకిలి పట్టిన తీగకే ప్రాణముండునని ఆతని నమ్మకము. పైగా గుర్రము మీది లోహపు మూత క్రింద ఒక స్పాంజి ముక్క తీగలకు తగులుచుండెడిది. అందుచేత ప్రతి స్వరమును పుట్టిన కొలదిసేపటికే అణగి, తరువాతి స్వరమునకు చోటిచ్చెడిది. పరుగులెత్తు స్వరములు ఒకదానిపై నొకటి పడి మసకబారకుండుటకు ఈ ముక్కయే సాయపడినదని గ్రహింపవలెను. ఇంతటి పనికి ఆ స్పాంజి ఖరీదు ఎన్ని పైసలు!

కచేరీలలో విద్యుత్ బాసుకు ఆంప్లిఫయరు లేనిదే గొంతు లేదు. క్లబ్బులకు ఆతడు ఎన్నుకొనినది ఆంపెగ్ సంస్థవారి బి-15. ఆ సంస్థను స్థాపించిన ఎవరెట్ హల్ స్వయముగా బాస్ వాయించువాడు. నిలువు బాసును నేలపై నిలుపు మేకులో మైకు నమర్చి ప్రసిద్ధికెక్కినవాడు. 1960లో వచ్చిన ఈ బి-15లో 15 అంగుళముల స్పీకరు ఒక్కటే యుండును. వాల్వుల పెట్టెను పని ముగియగానే తలక్రిందులు చేసి స్పీకరు పెట్టెలోనే దాచి మోసికొనిపోవచ్చును. శక్తి యన్ననో పాతిక వాట్ల మాత్రము. చిన్న గదికి అది చాలును. తక్కిన వాద్యములను మ్రింగివేయదు. మంద్రపు మీటను పూర్తిగా, తారపు మీటను సగము త్రిప్పి ఆతడు వాయించెడివాడు. పెద్ద సభాభవనములకు మాత్రము రెండు స్పీకర్లున్న కస్టమ్ సంస్థవారి పెద్ద ఆంప్లిఫయరును తీసికొనిపోవుట కలదు.

రికార్డింగు గదిలో కథ వేరు. అక్కడ ఆంప్లిఫయరునకు పనియే లేదు. మంద్రనాదము గోడలను, నేలను చుట్టి అందరి మైకులలోను దూరును. ఇరుకుగదిలో ఆ బెడద మరింత ఎక్కువ. మోటౌన్ ఇంజనీర్లు బాసు నుండి వచ్చు విద్యుత్తును తాము చేసికొనిన ఒక పెట్టె ద్వారా తిన్నగా మిశ్రణయంత్రములోనికి పంపిరి. గాలితో పనిలేదు, తీగ కదలిక తీగగుండానే టేపునకు చేరినది. అందుచేత బాస్ పలుకు రికార్డుపై గోరుతో గీసినంత స్పష్టముగా నిలిచినది. యంత్రమును కొంచెము అధికశక్తితో నడిపినందున ఆ నాదమునకు ఒక చిన్న గరుకుదనము కూడ అబ్బినది. చిన్న రేడియోలలోను, కార్లలోను వినువారికి మంద్రస్వరము తప్పిపోకుండ అందుటకు ఇది మేలయినది.

పరికరములు ఇంతే. వానితో ఆతడు చేసిన పనిని వినియే తెలిసికొనవలెను. 1964లో టెంప్టేషన్స్ బృందము పాడిన ‘మై గర్ల్’ బాస్ తోనే ఆరంభమగును. షడ్జమము, పంచమము, అంతకుమించి ఏమియు లేదు. ఎక్కడ ఊరకుండవలెనో తెలిసినవాని పని యది. 1967 నాటి ‘బెర్నడెట్’ వినుడు! అక్కడ ఆ చేయియే తాళపు దెబ్బల నడుమ దూరి, వెనుకాడి, ఎదురెక్కి, గాయకునితో సంభాషించుచుండును. అంతవరకు బాస్ వాద్యకారులు మూలస్వరమును పట్టుకొని నిలుచుటయే వాడుక. ఈతడు జాజ్ నేర్పును జనుల పాటలోనికి తెచ్చి మంద్రస్థాయికి ఒక స్వతంత్ర గానము నిచ్చెను. అమెరికా జనాదరణ పట్టికలో ప్రథమస్థానమందిన పాటలలో ఇరువది మూడింటి అడుగున ఆతని వ్రేలున్నది. బీటిల్స్ బృందమున బాస్ వాయించిన పాల్ మెకార్ట్నీ తనకు ఈతడు మార్గదర్శి యని చెప్పుకొనెను.

కాని ఆ రికార్డుల అట్టలపై వాద్యకారుల పేర్లుండెడివి కావు. జీతము బాగుగనే యున్నది. 1968 నాటికి వారమునకు వేయి డాలర్లు ముట్టుచుండెను. కాని పేరు వేరు, జీతము వేరు. పాట ఊరూర మ్రోగుచుండగా అది నా చేతిపని యని చెప్పుకొనుటకు ఆధారము లేకపోవుట ఒక కళాకారునికి ఎట్లుండునో ఊహింపవచ్చును. త్రాగుడు ఆతనిని క్రమముగా పట్టుకొనినది. ఈ రెంటికిని సంబంధము ఎంతో తూచి చెప్పుట మనకు శక్యము కాదు.

1971లో వెలువడిన తన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాటకు మార్విన్ గే, జేమర్సన్ తప్ప మరియొకడు పనికిరాడని పట్టుబట్టి, ఆతని కొరకు ఊరిలోని క్లబ్బులు వెదకించెనట. దొరకునప్పటికి ఆతడు కుర్చీలో నిటారుగా కూర్చుండు స్థితిలో లేడు. నేలపై వెల్లకిల పరుండి, స్వరపత్రమును చూచుచు వాయించెనని ఆ పాటకు వాద్యరచన చేసినవాడే తెలిపినాడు. ఆ పాటను నేడు వినుడు. తొట్రుపాటు ఎచ్చటను కానరాదు. ఆ సంపుటము అట్టపై, సాటిలేనివాడను ప్రశంసతో, ఆతని పేరు అచ్చుపడినది. మోటౌన్‌లో చేరిన పండ్రెండేండ్లకు!

మరుసటి యేడు మోటౌన్ సంస్థ డెట్రాయిట్‌ను వీడి లాస్ ఏంజిలస్‌కు తరలినది. జేమర్సన్ 1973లో అచ్చటికి పోయెను. అక్కడి పద్ధతులు వేరు. గుండ్రని తీగ చుట్టిన క్రొత్త తీగలు, వాని తళుకు, మెరుపు అప్పటి మోజు. తీగలు మార్చుమని నిర్మాతలు కోరిరి, ఆతడు మార్చలేదు. వ్రాసియిచ్చిన స్వరములను మాత్రము వాయింపుమనిరి. ఆతని మనసు ఒప్పలేదు. త్రాగుడువలన చేతికి నిలకడయు తగ్గుచుండెను. పిలుపులు పలుచబడినవి. నేర్పును, నాదమును కాపాడిన పట్టుదలయే ఇప్పుడు వాకిలి మూసినది. మార్చుకొనియుండవలసినదని అనుట సులభమే. కాని ఆ తీగలను మార్చినచో ఆతడు ఆతడుగా మిగిలియుండునా యని నేను అనుమానింతును.

1983లో మోటౌన్ ఇరువదియైదేండ్ల పండుగ పసడేనా నగరమున బ్రహ్మాండముగా జరిగినది. గాయకులు వేదికనెక్కిరి. వారి పాటల నిలబెట్టినవానికి ఆహ్వానము లేదు. జేమర్సన్ స్వయముగా టిక్కెట్టు కొనుక్కొని, బాల్కనీలో ఎక్కడనో వెనుక కూర్చుండి చూచెను. ఆ యేడే, మరణమునకు కొలది దినములు ముందుగా, ఫంక్ అని చెక్కిన ఆ బాస్ దొంగలెత్తుకొనిపోయిరి. ఆగస్టు 2వ తేదీన ఆతడు లాస్ ఏంజిలస్‌లో కన్నుమూసెను. అప్పటికి వయస్సు 47. దేహమును డెట్రాయిట్‌కు తెచ్చి అచ్చటి ఉడ్‌లాన్ శ్మశానమున ఖననము చేసిరి.

ఆరేండ్లకు, 1989లో, ఆలన్ స్లట్‌స్కీ యను సంగీతజ్ఞుడు ఆతని జీవితమును, వాద్యమును స్వరలిపితో గ్రంథముగా ప్రకటించెను. 2002లో ఫంక్ బ్రదర్స్ కథ చలనచిత్రముగా వచ్చినది. నడుమ 2000లో రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున, వెనుక నిలిచి వాయించువారికి క్రొత్తగా ఏర్పరచిన వరుసలో, మొదటియేడే ఆతనికి స్థానము లభించెను. లా బెల్లా సంస్థవారు ఆ లావుపాటి చదునైన తీగలను జేమర్సన్ పేరుతో అమ్ముచున్నారు. వానిని కొని తెచ్చిన విద్యార్థులు స్పాంజిని ముక్కలుగా కోసి, గుర్రము కడ ఎంత దళసరిగా పెట్టవలెనో పరీక్షించుకొనుచున్నారు.