మొదటి డాక్టర్: విలియం హార్ట్‌నెల్

హైదరాబాదులోని యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతములలో వేషముల కొఱకు ఎదురుచూచు చిన్న నటులనేకులు నివసింతురు. అమీర్‌పేటలోని సారథీ స్టూడియో అక్కడికి చేరువ. ఆ వీథులలో తిరుగువారెల్లరు ఎఱిగిన సత్యమొకటి కలదు. ఒకమాఱు పోలీసు జవాను వేషమును రక్తి కట్టించినవానికి మఱల మఱల జవాను వేషమే వచ్చును. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట వాడు కరుణగల తాతగా నటింపగలడనిన నమ్మువారుండరు. ఈ ముద్ర మన చిత్రసీమకే పరిమితము కాదు. లండను నగరమందు ఇట్టి ముద్రకే లోబడి, ఏబదియైదవ యేట దానిని చెఱిపికొనిన నటుడు విలియం హార్ట్‌నెల్.

అతడు 1908 జనవరి 8వ తేదీన లండనులోని సెయింట్ పాంక్రాస్ పేటలో జన్మించెను. తల్లి లూసీ అవివాహిత. జనన పత్రమందు తండ్రి పేరుండవలసిన చోటు ఖాళీగా మిగిలెను. పెద్దవాడైన పిదప అతడు తండ్రి జాడ వెదకెను గాని ఫలితము లేకపోయెను. ప్రసిద్ధి కలిగిన తరువాత పత్రికలవారు ప్రశ్నించినపుడు తన పుట్టుకను గూర్చి కల్పించి చెప్పెడివాడు. తన వంశమెట్టిదో తెలియని ఈ మనుజుడే తుదకు ఊరు, పేరు చెప్పని పాత్రకు ప్రాణము పోయవలసి వచ్చుట కాకతాళీయమే కావచ్చును. ఐనను అతని చరిత్ర చదువువారికి ఆ తలంపు కలుగక మానదు.

బాల్యము కొంతకాలము పెంపుడు తల్లి యింట గడచెను. చదువు సాగలేదు. పదునాఱేండ్ల ప్రాయమున, బాలుర ముష్టియుద్ధ సంఘమొకదానిలో హ్యూ బ్లేకర్ అను చిత్రకళాభిజ్ఞుని కంట బడుటతో అతని జీవితము మలుపు తిరిగెను. బ్లేకర్ ఆ బాలుని చేరదీసి గుఱ్ఱపుస్వారి నేర్పించెను. పిదప నాటక విద్యాలయమునకు పంపెను. మంచి పాఠశాలలో చేర్పించెను గాని కుఱ్ఱవాడు అచట నిలువక పాఱిపోయెను. 1925లో షేక్స్‌పియరు నాటకములకు పేరొందిన సర్ ఫ్రాంక్ బెన్సన్ సమాజములో కుదురుకొనెను. సురభివారి సమాజములో పిల్లలు తెఱవెనుక పనులతో ప్రారంభించి క్రమముగా వేషము కట్టునట్లే, ఇతడును రంగస్థలముపై సామానులు సర్దుటతో మొదలిడి చిన్న పాత్రలకు ఎదిగెను. 1929లో హెథర్ మెకింటైర్ అను నటిని వివాహమాడెను. వారికొక కుమార్తె.

1932 నుండి చలనచిత్రములలో నటించెను. తొలుత హాస్య పాత్రలు వచ్చెను. యుద్ధకాలమున యుద్ధట్యాంకుల దళములో చేరెను గాని, మనోవ్యథచే నరములు కుంగి, ఏడాదిన్నరలోనే సైన్యమును వీడవలసి వచ్చెను. విధి పరిహాసమేమనగా, సైనికుడుగా నిలువలేకపోయిన ఆ వ్యక్తికి కీర్తి తెచ్చినది సైనిక వేషమే. 1944లో కెరొల్ రీడ్ దర్శకత్వమున వచ్చిన ‘ది వే అహెడ్’ చిత్రమందు కఠినుడైన సార్జెంటుగా నటించి మెప్పు పొందెను. ఇక చూడుడు! సార్జెంటులు, పోలీసు అధికారులు, దుండగులు తప్ప వేఱొక పాత్ర అతని గుమ్మము త్రొక్కలేదు. 1947లో ‘బ్రైటన్ రాక్’ చిత్రమున నేరగాండ్ర ముఠాలో ఒకడు, 1957లో ప్రారంభమైన టెలివిజన్ హాస్య ధారావాహిక ‘ది ఆర్మీ గేమ్’లో సార్జెంటు మేజరు, 1958లో ‘క్యారీ ఆన్ సార్జెంట్’లో మఱల సార్జెంటు. తిండికి లోటులేదు. కాని తానింతకంటె మేలైన నటుడనని నమ్మినవానికి అది సంతృప్తి నొసగునా?

1963లో ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ అను చిత్రము వచ్చెను. అందు హార్ట్‌నెల్ ధరించినది ప్రధాన పాత్ర కాదు. ఆటగాండ్రను వెదకి తెచ్చు ముసలివాని వేషము. క్షణకాలము కనబడు ఆ దీనమైన ముఖము వెరిటీ లాంబర్ట్ అను యువతి దృష్టి నాకర్షించెను. ఆమె వయస్సు ఇరువదియెనిమిదేండ్లకు మించలేదు. బి.బి.సి. టెలివిజన్ నాటక శాఖాధిపతియైన సిడ్నీ న్యూమన్ శనివారము సాయంకాలములందు ఇంటిల్లిపాది చూడదగిన ధారావాహిక నొకదానిని తలపెట్టి, దాని నిర్మాణ భారమును ఆమె కప్పగించియుండెను. దాని పేరు ‘డాక్టర్ హూ’. తొలి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్. ఇతడు లక్నోలో జన్మించి బాల్యముననే ఇంగ్లండు చేరిన భారతీయుడు. రచయిత్రి అతియా హుస్సేన్ కుమారుడు. వీరిరువురు హార్ట్‌నెల్‌ను కలిసికొని పాత్రను వివరించిరి. పిల్లల కార్యక్రమమని మొదట వెనుకాడెను గాని, తుదకు సమ్మతించెను.

కథ ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా రుచించునట్టిది. ఒక పాఠశాలలో చరిత్ర బోధించు బార్బరా, విజ్ఞానశాస్త్రము బోధించు ఇయాన్ అను ఇరువురు, వింతైన తెలివిగల సూసన్ అను విద్యార్థినిని వెంబడించి ఆమె యింటికి పోవుదురు. ఇల్లు లేదు, నీలిరంగు పెట్టె యొకటి కలదు. అది నాడు బ్రిటిషు వీథులలో పోలీసులకు ఫోను చేయుటకై నిలిపిన పెట్టె వంటిది. లోపల మాత్రము విశాలమైన మందిరము! అది కాలమందును ఆకాశమందును పయనించు యంత్రము. దాని స్వామి సూసన్‌కు తాతయైన డాక్టర్. గతమునకు పోయినపుడు చరిత్ర పాఠము, భవిష్యత్తునకు పోయినపుడు శాస్త్ర పాఠము కావలెనని న్యూమన్ సంకల్పము. మార్కో పోలో ప్రయాణము కూడ అందు కథావస్తు వయ్యెను.

తొలిభాగమును ఒకమాఱు చిత్రించి చూడగా డాక్టర్ మిక్కిలి కర్కశుడుగా కనబడెను. పాత సార్జెంటు ఇంకను వదలలేదు కాబోలు! న్యూమన్ దానిని మఱల తీయించెను. 1963 నవంబరు 23న అది ప్రసారమయ్యెను. ముందునాడే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హతుడయ్యెను; ప్రజల మనస్సు కథలపై లేదు. అందుచే మఱుసటివారము రెండవభాగమునకు ముందు మొదటిదానిని మఱల చూపిరి. డిసెంబరులో టెరీ నేషన్ రచించిన కథలో ‘డేలెక్’ అను లోహపు కవచముల రాక్షసులు ప్రవేశించుటతో దేశమంతట పిల్లలు ఆ ధారావాహికకు దాసులైరి. ప్రేక్షకుల సంఖ్య ఒక దశలో కోటి దాటెను.

హార్ట్‌నెల్ ఆ పాత్రను ఉద్యోగముగా గాక వ్రతముగా స్వీకరించెను. యంత్రమందలి మీటలలో దేనితో తలుపు తెఱచుకొనునో, దేనితో యంత్రము కదలునో తానే నిర్ణయించుకొని, ఎన్నడును తప్పక అదే మీటను నొక్కెడివాడు. చూచు పిల్లలు పొరపాటును పసిగట్టుదురని అతని నమ్మకము. అది ఎంత నిజమో తరగతిగదిలో నల్లబల్లపై తప్పు వ్రాసిన ఉపాధ్యాయు లెఱుగుదురు. డాక్టర్ వేషముతోనే పిల్లల ఉత్సవములకు పోయెడివాడు. ఒకప్పుడు తెఱపై అతనిని చూచి జడిసిన పిల్లల స్థానమున, ఇపుడు అతని చుట్టు మూగు పిల్లలు వచ్చిరి.

ఐనను అతడు సులభుడగు మనుజుడు కాడు. కోపము మెండు. అన్యజాతులయెడ అతని మాటలలో పక్షపాతము తొంగిచూచెడిదని సహచరులు పిదప చెప్పిరి. ఈ దోషమును దాచుట చరిత్రకారునికి తగదు. భారతీయుడైన దర్శకుని చేతిలోనే అతనికి క్రొత్త జీవితము లభించుట మాత్రము గమనింపదగినది.

పని మిక్కిలి కఠినమైనది. ఇరువదియైదు నిమిషముల భాగమును నాలుగు దినములు అభ్యసించి, అయిదవ దినమున ఇంచుమించు నాటకమువలె ఆపక చిత్రించెడివారు. మొదటి యేటనే 42 భాగములు. పంక్తి తప్పినను మఱల తీయు తీరిక లేదు. ఇంతలో ధమనులు గట్టిపడు వ్యాధి అతనిని పట్టెను. జ్ఞాపకశక్తి తగ్గెను. సంభాషణలు తడబడెను. ఇయాన్ ఇంటిపేరును కథలో తఱచు తప్పు పలుకుట డాక్టర్ స్వభావమేయని ప్రేక్షకులు నవ్విరి. అందు నటన యెంతయో, వ్యాధి యెంతయో చెప్పుట కష్టము. తొలి సహనటులు, లాంబర్ట్ ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. క్రొత్త నిర్మాతలతో పొత్తు కుదరలేదు. తానే మొదటినుండి ఉన్నవాడను, పాత్ర మర్మ మెఱిగినవాడను అను పట్టుదల అతనిది. కార్యక్రమము సాగవలెనను పట్టుదల వారిది. ఇరుపక్షములను తప్పుపట్టుట సులభము కాదు.

1966లో నిర్మాత ఇన్నెస్ లాయిడ్, కథా సంపాదకుడు జెరీ డేవిస్ చిక్కుముడి విప్పిరి. డాక్టర్ మానవుడు కాడు గదా. అతని దేహము శిథిలమైనపుడు క్రొత్త దేహము కలుగునని కల్పించిరి. విక్రమార్కుని పరకాయప్రవేశము విన్న మన పిల్లలకు ఇది వింత కాదు. ఐతే అందు ప్రాణము వేఱొక దేహమును వెదకికొని పోవును. ఇందు దేహమే మాఱి క్రొత్తదగును. ‘ది టెన్త్ ప్లానెట్’ అను కథలో ఒక భాగమునకు హార్ట్‌నెల్ జబ్బుతో రాలేకపోగా, అతని మాటలను ఇతరులకు పంచిరి. 1966 అక్టోబరు 29న ప్రసారమైన చివరి భాగములో ముసలి డాక్టర్ నేలకొరగెను. ముఖము వెలుగులో కరగి ప్యాట్రిక్ ట్రౌటన్ ముఖమయ్యెను. ఒక రోగి యశక్తత నుండి పుట్టిన ఈ ఉపాయమే ఆ ధారావాహికకు దీర్ఘాయువు నొసగెను. 1989లో ఆగి, 2005లో మఱల మొదలై, ఎందఱో నటుల చేతులు మాఱినది ఈ ఒక్క యుక్తి బలముననే. హార్ట్‌నెల్‌కు మాత్రము ఆ వియోగము మిక్కిలి బాధ కలిగించెను.

పిమ్మట చిన్న వేషములు కొన్ని దొరకెను. పదియేండ్ల పండుగ సందర్భమున ముగ్గురు డాక్టర్లు కలియు కథకు అతనిని పిలిచిరి. ఆరోగ్యము చాలదని భార్య తెలుపగా, పాత్రను కుదించి, కూర్చుండబెట్టి, అట్టలపై వ్రాసిన మాటలను చదివించి చిత్రించిరి. 1972 డిసెంబరు 30న ప్రసారమారంభమైన ఆ కథయే అతని తుది నటన. 1975 ఏప్రిల్ 23న, షేక్స్‌పియరు వర్ధంతినాడు, కెంట్ మండలమందు అరువదియేడవ యేట కన్నుమూసెను.

నాడు టేపులు ఖరీదైనవి. బి.బి.సి. వారు వానిని చెఱిపి మఱల వాడుకొనిరి. అందుచే హార్ట్‌నెల్ నటించిన భాగము లనేకము నశించెను. మార్కో పోలో కథలో ఒక్క భాగమును దక్కలేదు. అతడు వీడ్కొనిన చివరి భాగమును పూర్తిగా దొరకలేదు. ముఖము మాఱు కొన్ని క్షణముల దృశ్యము మాత్రము, 1973లో ఒక పిల్లల కార్యక్రమమువారు తమ ప్రసారములో చేర్చుకొనుటచేత మిగిలినది.