మన మట్టిలో రోము చక్రవర్తి బొమ్మ

సికింద్రాబాద్: సికింద్రాబాద్ పట్టణం వెలిసింది 1806లో. అంతకు దాదాపు 1800 ఏళ్ల కిందటి రోము వెండి నాణేలు తెలంగాణ పల్లెల్లో లభ్యమయ్యాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒక్కచోటే 1500కు పైగా బయటపడ్డాయి. అవి అగస్టస్, తిబేరియస్ చక్రవర్తుల కాలం నాటివి.

తిబేరియస్ క్రీ.పూ. 42లో జన్మించాడు. అతని పసితనంలోనే తల్లి లివియా అగస్టస్‌ను మారుమనువాడింది. పెరిగి పెద్దవాడై సేనాపతిగా పేరు తెచ్చుకున్నాడు. అయితే ప్రేమించిన భార్య విప్సానియాను విడిపించి, అగస్టస్ తన కూతురు జూలియాను అతనికి కట్టబెట్టాడు. ఆ కాపురం పొసగలేదు. క్రీ.పూ. 6లో అన్నీ వదిలి రోడ్స్ దీవికి వెళ్లిపోయాడు.

జూలియాకు రెండో భర్త వల్ల కలిగిన గైయస్, లూసియస్‌లను అగస్టస్ వారసులుగా ఎంచుకున్నాడు. డాళ్లు, ఈటెలతో నిలబడిన వారి బొమ్మలను వెండి నాణెంపై వేయించాడు. ఇద్దరూ చిన్న వయసులోనే కన్నుమూశారు. గత్యంతరం లేక క్రీ.శ. 4లో తిబేరియస్‌ను దత్తత తీసుకున్నాడు. క్రీ.శ. 14లో, 55వ ఏట తిబేరియస్ గద్దెనెక్కాడు.

అతని వెండి నాణెం తూకం సుమారు తులంలో మూడో వంతు. ఒకవైపు తలకు ఆకుల దండ చుట్టిన తిబేరియస్ ముఖం, రెండోవైపు పీఠంపై కూర్చున్న స్త్రీ బొమ్మ ఉంటాయి. ఆమెకు ఒక చేత రాజదండం, మరో చేత చెట్టు కొమ్మ. ఆమె లివియాయేనని పలువురి అభిప్రాయం. మన దేశపు మిరియాలు, ముత్యాలు, నూలు బట్టలకు బదులుగా ఈ మేలిమి వెండి ఇక్కడికి చేరింది.

ఆడవారి రాళ్ల నగల కోసం రోము సొమ్ము పరదేశాల పాలవుతున్నదని క్రీ.శ. 22లో సెనేట్ సభకు రాసిన లేఖలో తిబేరియస్ వాపోయాడు. అయినా కట్టడి చేసే చట్టం తేలేదు. 26లో రోము విడిచి, తరువాత కాప్రి దీవిలో స్థిరపడ్డాడు. మళ్లీ నగరంలో అడుగు పెట్టకుండానే 37లో, 78వ ఏట మరణించాడు. ఆ వార్తకు రోము ప్రజలు సంతోషించారని చరిత్రకారులు రాశారు.

దున్నేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో ఇలాంటి నాణేలు దొరికితే కరిగించరాదు. కరిగిస్తే దక్కేది వెండి ధర మాత్రమే, పోయేది ఊరి చరిత్ర. దొరికిన నిక్షేపం సంగతి రెవెన్యూ అధికారులకు తెలియజేయాలన్నది చట్టం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం సేకరణకు రోమన్ నాణేలు చేరింది పల్లెల నుంచే కావడం గమనార్హం.